ముఖారి కోసం చెన్నైలో ఒక రోజు

మా చర్చిలో పాడుకునే కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా సన్నటి అక్షరాలతో రెండు మాటలు అచ్చువేసి ఉంటాయి. ఒకటి రాగం పేరు, రెండోది తాళం పేరు. చిన్నప్పుడు ప్రసంగం సాగినంతసేపూ నేను ఆ పేర్లు చదువుతూ కూర్చునేదాన్ని. ఆనందభైరవి, నాదనామక్రియ, పున్నాగవరాళి, ముఖారి. ముఖారి అంటే ఆ పాట రాసినావిడ పేరు కాబోలు అనుకున్నాను కొన్నాళ్ళు. మా నాన్నని అడిగితే "అది పాడేవాళ్ళ కోసం" అన్నాడు. పాడేది మేమే కదా, మరి మాలో ఒక్కరికీ ఎందుకు తెలియదో చెప్పలేదు. నాకు అడగడం ఎక్కువ, ఆయనకు ఓపిక తక్కువ. అలా ఆ సంగతి అక్కడే ఉండిపోయింది.

మా ఊరు బందరు పక్కన గూడూరు దగ్గర. చర్చిని మేం గుడి అనే అంటాం. గుళ్ళో పాట ఎత్తేది మా మేనత్త. ఆమె ఒక వరస ఎత్తుతుంది, మిగతా గుడంతా అదే వరస అందుకుంటుంది. అందరూ అందుకున్నప్పుడు కూడా అత్త ఆపదు. అన్ని గొంతుల మీదా ఆమె గొంతే వినబడుతుంది. పుస్తకం చేతిలో ఉంటుంది గానీ చూడదు, పేజీలో వేలు పెట్టుకుని నిలబడుతుందంతే. ఆమెకి పాటలు నేర్పింది మా నాయనమ్మ. నాయనమ్మ దివిసీమ మనిషి, పాలకాయతిప్ప వైపు నుంచి మా ఊరికి కోడలిగా వచ్చింది. అక్షరం ముక్క రాదు. చెవిన పడ్డది పడ్డట్టు పట్టుకునేది. నాకు ఆమె ముఖం లీలగా గుర్తు, గొంతు అసలు గుర్తు లేదు. ఆమె ఎలా పాడేదమ్మా అంటే అత్త పాడుతుందిగా, అలాగే అనేవారు ఇంట్లో.

కిందటేడు మా గుడి యూత్ వాళ్ళు గుడ్ ఫ్రైడే పాటలు రికార్డు చేసి యూట్యూబులో పెడదామనుకున్నారు. హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు మన పాటలు మన పద్ధతిలో కావాలని అడుగుతున్నారట. చిలకలపూడిలో రోల్డుగోల్డు షాపు మేడమీద స్టూడియో నడిపే కీబోర్డతన్ని పిలిచారు. ముప్పై దాటిన మనిషి, మర్యాదస్తుడు. అత్త పాడినవన్నీ విన్నాడు, బాగున్నాయన్నాడు. ఒక పాట దగ్గర మాత్రం ఆగాడు. అది గుడ్ ఫ్రైడే రోజు చివర్లో పాడే పాట. నాయనమ్మ నేర్పినవాటిల్లో అత్తకి అన్నిటికన్నా ఇష్టమైనది.

"ఆంటీ, ఏమనుకోకండి. పైన ముఖారి అని ఉంది. మీరు పాడేది ముఖారి కాదండీ."

"మరేంటి?"

"అదేంటో నాకూ సరిగ్గా తెలీదు. ముఖారి మాత్రం కాదు. ఒకసారి యూట్యూబులో పెట్టాక అందరూ అదే కరెక్టనుకుంటారు కదండీ. నేను ముఖారిలో ట్యూన్ చేసి పంపిస్తాను, నేర్చుకుని పాడేయండి."

ఆ సాయంత్రం అత్త నాకు ఫోన్ చేసింది. నేను గుడివాడలో ఫిజియోథెరపీ చేస్తాను. పేషెంటు మోచెయ్యి పట్టుకుని ఉండగా ఫోన్ స్పీకర్లో పెట్టాను. హలో కూడా లేదు.

"ఏమే, ఇన్నేళ్ళూ ఊరందరి చేతా తప్పు పాడించానా నేను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. కీబోర్డతన్ని నాలుగు తిట్టాను. కానీ కోపం చల్లారాక అసలు ప్రశ్న పట్టుకుంది. ముఖారి అంటే ఏమిటి? చిన్నప్పటి నుంచి చదువుతున్న పేరు. ఎప్పుడూ వినలేదు. ఫోన్లో వెతికి ఆదివారం ఊరెళ్ళినప్పుడు అత్తకి వినిపించాను. ఆమె మూతి తిప్పింది.

"ఫోన్లో ఎవరిష్టం వచ్చిన పేరు వాళ్ళు పెట్టుకుంటారు. నీకు తెలుసా అది ముఖారేనని? మనిషి ఎదురుగా కూర్చుని పాడుతుంటే వినాలి. అప్పుడు నాకు తెలిసిపోద్ది."

నా దగ్గరికి మెడనొప్పితో వచ్చే వీణ టీచరుగారు ఒకావిడ ఉన్నారు. ఆవిడ చెప్పారు, డిసెంబరులో చెన్నై వెళ్ళండి, పొద్దున మొదలుపెడితే రాత్రి దాకా కచేరీలే, ఒకే కుర్చీలో కూర్చుని ఎన్ని రాగాలైనా వినొచ్చు అని. డిసెంబరంటే మాకు క్రిస్మస్. అత్త లేకుండా క్యారల్స్ కదలవు. క్రిస్మస్ అయ్యాక, జనవరి ఒకటి ఆరాధన లోపు వెళ్ళి వచ్చేయాలని ఒప్పందం కుదిరింది. గుడివాడలో రైలెక్కాం. అత్త పులిహోర కట్టింది, రెండు సీసాల నీళ్ళు పెట్టింది, కీర్తనల పుస్తకం సంచిలో వేసుకుంది. చెన్నైలో నీళ్ళు దొరకవని ఎవరు చెప్పారో తెలియదు.

మైలాపూరు వైపు ఒక హాలు. పగటి కచేరీలకి టికెట్ అక్కర్లేదు, సాయంత్రం దానికి కొనుక్కున్నాం. పొద్దున్న పదింటికల్లా వెళ్ళి కూర్చున్నాం. అత్త తెల్ల చీర కట్టింది, ఆదివారం గుడికి కట్టేదే. హాల్లో పట్టుచీరలు చూసి కొంగు సర్దుకుంది.

నేను చూసే చూపు నా ఉద్యోగం చూపే, ఏం చేస్తాను. వయొలిన్ ఆయన్ని చూసి ఆశ్చర్యపోయాను. బందరులో ఒక పెళ్ళి ఆరాధనలో వయొలిన్ నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయించడం చూశాను. ఇక్కడ బాసింపట్టు వేసుకుని, దాని తల తీసుకెళ్ళి చీలమండ మీద ఆనించారు. వాయిద్యాన్ని చెయ్యి మొయ్యదు, కాలు మోస్తుంది. భుజానికి ఎంత హాయి! మృదంగం ఆయన కుడి భుజం ఎడమదానికన్నా కాస్త పైకి లేచి ఉంది, అది ఇవాళ్టిది కాదు, చాలా ఏళ్ళది. పాడే ఆయన మెడలో ఒక నరం, ఎత్తుకి వెళ్ళే ముందే బిగుస్తోంది. జనం చేతులు కూడా ఊరికే లేవు. హాల్లో సగం మంది తమ తొడల మీద తాము కొట్టుకుంటూ లెక్క పెట్టుకుంటున్నారు. పాడేవాళ్ళకే కాదు, వినేవాళ్ళకు కూడా ఇంత పని ఉంటుందని నాకు తెలియదు.

నా పక్క సీట్లో ముక్కుకి రెండు వైపులా రాళ్ళ ముక్కుపుడకలు పెట్టుకున్న పెద్దావిడ కూర్చుంది. పొద్దున్నే వచ్చి ఆ సీటు పట్టుకుంటుందట, రాత్రికి గానీ లేవదట. ఆవిడకి తమిళం, కొద్దిగా ఇంగ్లీషు. పాడేవాళ్ళు గొంతు విప్పి ఒక్క ఊపిరి పీల్చి వదిలేలోపే ఆవిడ రాగం పేరు గొణుగుతుంది. నేను ఊరుకుంటానా? వంగి అడిగాను.

"ముఖారి?"

"నో, నో. తోడి."

తర్వాతది కల్యాణి. ఆ తర్వాతది ఇంకేదో. మూడో కచేరీకి వచ్చేసరికి, పాట మొదలుకాగానే నేను అడగకముందే ఆవిడ నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపేస్తోంది. అత్తకి అసహనం మొదలైంది.

"మన ప్రేయర్ మీటింగులో పాట నెంబరు చెప్పి అడుగుతాంగా. ఇక్కడ అడక్కూడదా?"

"ఇది మన ప్రేయర్ మీటింగు కాదత్తా."

ఇంకొక విచిత్రం. పాటలన్నీ తెలుగే! పాడేది తమిళులు, వినేది తమిళులు, పాట మాత్రం మన తెలుగు. పక్కావిడకి ప్రతి పాటా మొదటి నుంచి చివరిదాకా నోటికొచ్చు, పెదాలు కదుపుతూనే ఉంటుంది. మధ్యలో ఒక మాట చూపుడు వేలితో పట్టుకున్నట్టు పట్టుకుని నన్ను అర్థం అడిగింది. నేను అత్తని అడిగాను, అత్త చెప్పింది, నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నోరు తెరిచింది. చిన్నప్పటి నుంచి పాడుతోందట, ఆ మాటకి పువ్వు అని అర్థం అనుకుందట. అది అలగడం. అత్త నా చెవిలో "అర్థం తెలీకుండానే ఇన్నేళ్ళు పాడిందా పాపం" అంది. అంటూనే ఆగిపోయింది. మేం రాగం పేరు తెలియకుండా ఇన్నేళ్ళు పాడాం కదా అని ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది.

మధ్యాహ్నం క్యాంటీన్లో అరిటాకులో భోజనం చేశాం. పులిహోర సంచిలోనే ఉంది. చుట్టూ బల్లల దగ్గర ఎవరు ఎలా పాడారో వాదించుకుంటున్నారు, ఒకాయన సాంబారు కలుపుకుంటూనే పాడి చూపిస్తున్నాడు. అత్త తిండి మీద దృష్టి పెట్టలేదు.

"నేననుకున్నంత తేలిక కాదే ఇది. ఇన్ని రాగాలున్నాయి, ముఖారి ఇవాళ రాకపోతే?"

రాకపోతే రికార్డింగులో ఆ పాట ఆమె పాడదు. ఆ మాట నాతో అనలేదు గానీ, ఇంటి దగ్గర అప్పుడే యూత్ వాళ్ళతో అనేసింది. తెలిసి తెలిసి తప్పు పాడనని.

భోజనం తర్వాత కచేరీ ఒక అమ్మాయిది. పాతికేళ్ళుంటాయేమో. రెండు పాటలయ్యాక కళ్ళు మూసుకుని, మాటలు లేకుండా, మెల్లగా ఒక రాగం మొదలుపెట్టింది. అత్త నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. నాకూ వినబడింది. మా పాట అది. మాటల్లేవు, మేం ఎప్పుడూ వెళ్ళనన్ని చోట్లకి వెళ్తోంది, అయినా మా గుడ్ ఫ్రైడే పాటే. ఆ కిందికి జారే జారుడు, జారి ఒకచోట ఆగి, మళ్ళీ కొంచెం వెనక్కి వెళ్ళి చూడడం, అంతా అత్త పాడేదే. పక్కకి వంగాను.

"ముఖారి! కదండీ?"

ఆవిడ నవ్వి తల అడ్డంగా ఊపింది.

"ఆనందభైరవి."

అత్తకి చెప్పాను. ఆమె కళ్ళు ఆ అమ్మాయి మీదే. వింటోంది. ఇంతలో ఆ అమ్మాయి రాగం ముగించి పాట అందుకుంది. రాముణ్ణి నిష్ఠూరమాడే పాట, నన్నెందుకు పట్టించుకోవు అని. మొదటి వరస పాడింది, పాడి ఒక్క క్షణం ఆగింది. అంతే. మా అత్త గొంతెత్తి ఆ వరస అందుకుంది.

మామూలుగా కాదు. గుడి చివర బెంచీ దాకా వినబడాలని పాడే గొంతు అది. హాలు మొత్తం వెనక్కి తిరిగింది. ఆ అమ్మాయి కళ్ళు తెరిచింది. వయొలిన్ ఆయన విల్లు గాల్లో ఆగి, తర్వాత ఆయన నవ్వేశాడు. నేను అత్త కొంగు పట్టుకుని లాగాను. వరస పూర్తయ్యాక గానీ ఆపలేదు ఆమె. ఆ అమ్మాయికి కోపం వచ్చినట్టు లేదు, చిన్నగా తల వంచి అదే వరస మళ్ళీ పాడింది. అత్త ఈసారి రెండు చేతులతో నోరు మూసుకుంది. కాసేపటికి గొణిగింది.

"ఇంతమంది కూర్చుని ఒక్కరూ అందుకోరేంటే, పాపం."

నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. "నువ్వు అందుకుంది రాముడి పాట, తెలుసా?"

"నోరు ఊరుకోలేదే. అయ్యగారితో చెప్పకు."

మా పాస్టరుగారిని అయ్యగారు అంటాం. ఇప్పటిదాకా చెప్పలేదు.

కచేరీ అయ్యాక పక్కావిడ సీటులో పూర్తిగా మా వైపు తిరిగింది. ఎవరు మీరు, ఏమిటీ సంగతి అని. ఇంగ్లీషులో తడుముకుంటూ అంతా చెప్పాను. గుడి, నాయనమ్మ, పుస్తకం మీద ముఖారి, కీబోర్డతను. అత్త సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ చూపించింది. ఏసుక్రీస్తు పాట మీద ముఖారి అని ఉండటం ఆవిడకి భలే వింతగా ఉంది. పాడమంది. అత్త బిడియపడకుండా, అక్కడే, చిన్నగొంతుతో ఒక వరస పాడింది. ఆవిడ కళ్ళు మూసుకుని వింది.

"ఆనందభైరవి. ప్యూర్," అంది. తర్వాత సాయంత్రం టికెట్ వెనక పెన్నుతో ఏదో రాసింది. పాడేవాళ్ళని ఫలానాది పాడమని అడగాలంటే ఇక్కడ చీటీ పంపుతారట. ప్రేయర్ మీటింగులాగే. అత్త నా వైపు చూసిన చూపు మీరు చూడాలి.

సాయంత్రం పెద్ద విద్వాంసుడి కచేరీ. హాలు నిండిపోయింది. కచేరీ సగమయ్యాక ఆ చీటీ చేతులు మారుతూ మారుతూ వేదిక మీదికి వెళ్ళింది. ఆయన చదివి పక్కన పెట్టారు. ఆ తర్వాత పెద్ద రాగం, మృదంగం, ఘటం ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడం, చప్పట్లు. మా చీటీ సంగతి మరచిపోయారనుకున్నాను. అప్పుడు ఆయన నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, నెమ్మదిగా మొదలుపెట్టారు. పక్కావిడ నా మోచేతి మీద తట్టింది. ఈసారి తల నిలువుగా ఊపింది.

ముఖారి ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. ఏడుపు వచ్చేముందు గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది, కానీ ఏడవదు. నేను మాత్రం అది బాగుండకూడదని కోరుకుంటూ కూర్చున్నాను. నిజం. అది బాగా లేకపోతే మాకు సుఖం. అంత బాగుంటుందని ఎవరికి తెలుసు? అత్త వైపు చూశాను. కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. ఆయన రాగం మీద మా పాట మాటలు పెట్టి చూసుకుంటోంది.

"సరిపోయిందే," అంది చివరికి. "ప్రతి మాటా కూర్చుంది. పుస్తకం తప్పు కాదు. మా అమ్మదే తప్పు."

నాకు ఏడుపొచ్చింది. అత్తకి రాలేదు.

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు నేను పోట్లాడాను. ఆనందభైరవి మాత్రం రాగం కాదా, పుస్తకంలో పేరు కొట్టేసి అది రాయమను, ఎవరడ్డమొస్తారో చూద్దాం అన్నాను. ఆమె వినలేదు.

"రాసినాయన ముఖారి అని రాశాడు. ఆయన మనసులో ఏదో అనుకునే రాసుంటాడుగా. అట్టాగే పాడాలి."

"మరి నాయనమ్మది?"

"నాతో పోద్ది. పోనీ."

రైల్లో పులిహోర తిన్నాం. పాచిపోయే వాసన అప్పుడే మొదలైంది, అయినా ఇద్దరం పారేద్దామనలేదు.

ఇంటికొచ్చాక అత్త ముఖారి పట్టుకుంది. కీబోర్డతను పంపిన ట్యూన్ వింది, నచ్చలేదు, అతనితో రెండుసార్లు ఫోన్లో వాదించింది. చెన్నై పెద్దాయన పాడినట్టు లేదని. అతను దిద్దుకున్నాడు. వరసగా కొన్ని ఆదివారాలు ఆరాధన తర్వాత అందరినీ కూర్చోబెట్టి నేర్పింది. వచ్చేసింది అన్నారు అందరూ. వచ్చేసినట్టే ఉంది కూడా.

రికార్డింగు రోజు నేను గుడివాడ నుంచి వెళ్ళాను. శబ్దం రాకూడదని ఫ్యాన్లు ఆపేశారు, తలుపులు మూసేశారు. అందరం చెమటతో తడిసిపోయి నిలబడ్డాం. కీబోర్డతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని శ్రుతి ఇచ్చాడు. అత్త మొదటి వరస ఎత్తింది. ముఖారి. ఎక్కడా తొణకలేదు. నాకు ఆ హాలు గుర్తొచ్చింది.

గుడి అందుకుంది. పాత బాణీలో.

ఎవరూ కావాలని చేయలేదు. నేను కూడా అందులోనే ఉన్నాను, నా నోరు కూడా పాతదే పాడింది. అత్త మా మీద తన గొంతు పెట్టి ముఖారి వైపు లాగుతోంది, మేం వెళ్ళడం లేదు. కీబోర్డతను చెయ్యెత్తి ఆపాడు. నవ్వుకున్నాం. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అదే. ముందు బెంచీలో ఒకాయన "గుడ్ ఫ్రైడే పాటంటే నోరు దానంతటదే పోతోందండీ" అని లెంపలు వేసుకున్నాడు. ఇంకోసారి అన్నాడు కీబోర్డతను, ఓపిగ్గానే.

అత్త ఎత్తింది. మేం అందుకున్నాం, పాత బాణీలోనే. ఈసారి ఆమె మాతో పాడలేదు. లాగలేదు. నోరు మూసుకుని నిలబడింది. ఆమె గొంతు పైన లేకుండా ఆ పాట మా గుళ్ళో నేనెప్పుడూ వినలేదు. వరస అయిపోయింది. తర్వాతి వరస ఆమె ఎత్తాలి. ఎత్తలేదు. అందరం ఎదురుచూస్తున్నాం. కీబోర్డతను హెడ్‌ఫోన్లు తీసి దగ్గరికి వచ్చాడు.

"ఆంటీ, ఒంట్లో బాగానే ఉందాండీ?"

"బాగానే ఉంది నాయనా. ఎప్పుడూ నేను పాడుతూనే ఉంటాను కదా. అమ్మ పోయాక ఈ పాట నేనెప్పుడూ వినలా." కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మ పాడుతున్నట్టే ఉంది. ఇంకోసారి పాడండి. నేను ఎత్తను, మీరే ఎత్తుకోండి."

వెళ్ళి ముందు బెంచీలో కూర్చుంది. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో ఎత్తారు, అందరం అందుకున్నాం. కీబోర్డతను కీబోర్డు ముట్టుకోలేదు, మీట నొక్కి రికార్డు చేసుకున్నాడంతే.

ఆ పాట ఇప్పుడు యూట్యూబులో ఉంది. అందులో అత్త గొంతు లేదు. ఎందుకు పాడలేదని ఎవరడిగినా "వినాలనిపించింది" అంటుంది.